నీకు రాసింది నీకు చేరలేదట

ఒరేయ్,

ముందు క్షమించు. రెండు నెలలుగా ఉలుకూ పలుకూ లేనని తిట్టుకుని ఉంటావు. నేను రాశానురా! జవాబు రాకపోతే నేనూ అలిగి కూర్చున్నాను. ఇంట్లో అందరూ బాగున్నారు, నాన్న మెల్లగా నడుస్తున్నారు. అవన్నీ తర్వాత.

నాన్నని ఆస్పత్రిలో చేర్చిన రాత్రి నిద్రపట్టక నీకు మెసేజ్ మీద మెసేజ్ పెట్టాను. నా భయం, అప్పులు, అన్నయ్యతో గొడవ, ఆఖరికి మన గొడుగు కథ కూడా. నిన్న జవాబొచ్చింది: "ఇవి నాకు రాసినవి కావండీ. ఈ నంబర్ నేను కొత్తగా తీసుకున్నాను. మీ నాన్నగారికి ఎలా ఉంది?"

చేతులు చల్లబడ్డాయిరా.

నువ్వా పాత సిమ్ వదిలేశావని నాకేం తెలుసు? కంపెనీవాళ్లు దాన్ని ఇంకొకరికిచ్చారు, ఆవిడ అదే నంబర్‌తో మనం మాట్లాడుకునే సిగ్నల్ యాప్‌లో చేరింది. నా ఫోన్‌లో మాత్రం నీ పేరే కనిపిస్తోంది, అలా సేవ్ చేసింది నేనే కదా. చాట్ మధ్యలో 'సేఫ్టీ నంబర్ మారింది' అని సన్నగా ఒక లైను వచ్చింది. అది మన చాట్‌కి ఉండే గుర్తింపు అంకెలట, అవతల ఫోన్ మారినా మనిషి మారినా మారతాయట. కొత్త ఫోన్ కొన్నావేమో అనుకుని వదిలేశాను. మెసేజ్‌కి వేసే తాళం, అదే ఎన్‌క్రిప్షన్‌లో ఏ లోపమూ లేదు, దారిలో ఎవరూ చదవలేదు. అక్షరం పొల్లుపోకుండా వేరే మనిషికి అందింది, అంతే. అదే మింగుడుపడట్లేదు. చేతులు మారే నంబర్‌ని మనిషికి గుర్తుగా ఎలా పెట్టారురా?

రాత్రంతా దీని గురించే చదివాను. సిగ్నల్‌లో 2024 నుంచి యూజర్‌నేమ్ పెట్టుకోవచ్చు, నంబర్‌తో వెతికినా దొరక్కుండా ఉండొచ్చు. కానీ చేరాలంటే నంబర్ కావాల్సిందే! దానివల్ల స్పామ్ తగ్గుతుంది, తెలిసినవాళ్లు ఇట్టే దొరుకుతారు, ఒప్పుకుంటాను. మా అమ్మ కూడా అలాగే చేరింది. అయినా... 2022లో సిగ్నల్ తరఫున, చేరేటప్పుడు వచ్చే ఎస్సెమ్మెస్ కోడ్‌లు పంపే సంస్థలోకి దొంగలు దూరితే, సుమారు 1,900 మంది నంబర్లు వాళ్ల కంటపడే పరిస్థితి వచ్చింది. త్రీమా అని ఇంకో మెసేజింగ్ యాప్ ఉంది, అదైతే నంబర్ లేకపోయినా 8 అక్షరాల ఐడీ ఇస్తుంది. మనిద్దరం దాంట్లోకి వెళ్లిపోతే ఎలా ఉంటుంది? మిగతావాళ్లు రారేమో, అదొకటి.

సిమ్ వదిలే ముందు యాప్‌లో నంబర్ మార్చుకుని ఉండాల్సిందిరా. బ్యాంకుకీ, ఈమెయిల్‌కీ ఇంకా ఆ పాత నంబరే ఉందేమో ఇవాళే చూసుకో, నా మీద ఒట్టు.

ఆవిడ అన్నీ చెరిపేశానంది. మంచి మనిషిలాగే ఉంది. చివర్లో "ఇంతకీ గొడుగు దొరికిందా?" అని అడిగింది. ఏం చెప్పనురా, నిన్నడగకుండా... అయ్యో, నాన్న పిలుస్తున్నారు, మందుల టైమ్. కొత్త నంబర్ కాగితం మీద రాసి పంపు

నీ
మూడో బెంచీ