ఒరేయ్ శీనూ, ఆ గినీ పిగ్ జంటని ఇంకొన్నాళ్ళు ఆపరా

ఒరేయ్ శీనూ,

నిన్న రాత్రి నువ్వు పంపిన ఫోటో చూశాన్రా. షాపులో అట్టపెట్టెలో ఆ రెండు గినీ పిగ్ పిల్లలు, పక్కన మా కోడలుపిల్ల పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ. "ఆదివారం ఇంటికి తెస్తున్నాం" అని కింద నీ మెసేజ్. వెంటనే ఫోన్ చేద్దామనుకున్నా, కానీ మధ్యలో నా గొంతు పట్టేస్తుందేమో అనిపించి ఆగిపోయా. నవ్వకు. అందుకే కూర్చుని ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నా, సాంతం చదువు, సగంలో వదిలేసి థమ్సప్ బొమ్మ పెట్టావంటే ఊరుకోను.

మేం తెచ్చుకుంది నవంబర్ ఆఖరి శనివారం. ఇక్కడ బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో మా ఇంటికి దగ్గర్లోనే ఓ షాపు. కింద వరసలో కుందేళ్ళు, పైన అద్దాల తొట్టిలో రంపం పొట్టు పోసి అందులో ఇవి ఓ పదో పన్నెండో కుక్కుకుని ఉన్నాయి, గుమ్మం దగ్గర కట్టేసిన కుక్కపిల్ల ఒకటి దగ్గుతోంది. ఆ దగ్గు అప్పుడు నా చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. మా చిట్టి ఒక తెల్లదాన్ని ఒక నల్లదాన్ని ఎంచింది, జీడిపప్పు అని కిస్‌మిస్ అని దార్లోనే పేర్లు పెట్టేసింది. షాపువాడు "ఆరు వారాలు సార్, రెండూ ఆడవే" అన్నాడు. ఆరు కాదు నాలుగే అని, జీడిపప్పు మగాడని తర్వాత డాక్టర్ తిప్పి చూసి రెండు సెకన్లలో తేల్చింది. ఇది నువ్వూ చూపించుకో, ఎందుకంటే మగపిల్లలకి మూడు వారాలకే వయసొచ్చేస్తుందట, కలిపి ఉంచితే రెండు నెలలు దాటేసరికి పురుడు పోయాల్సొస్తుంది.

మా అమ్మకి ఫోన్లో చెప్తే "పందిని ఇంట్లోకి తెచ్చావురా?" అని ఒకటే గొడవ. అది పందీ కాదు, ఎలక జాతి చిన్న జంతువు, గినియా దేశానిదీ కాదు, దక్షిణ అమెరికాలో పెరూ వైపు కొండల్లోది అని సర్దిచెప్పా. అక్కడివాళ్ళు వేల ఏళ్ళ నుంచి వాటిని పెంచేది కూర వండుకోడానికని మాత్రం చెప్పలేదు.

మొదటిరోజు సరదాకి మీ చెల్లెలు కేకులకి వాడే వంటింటి కాటా మీద గిన్నె పెట్టి రెంటినీ తూచాం. జీడిపప్పు 262 గ్రాములు, కిస్‌మిస్ 255. చిట్టి స్కెచ్ పెన్‌తో రాసి ఫ్రిజ్‌కి అంటించింది. ఈ కాగితం గుర్తుపెట్టుకో, మళ్ళీ దాని దగ్గరికే వస్తా.

నాలుగో రోజు జీడిపప్పు తుమ్మాడు. చిట్టికి అమ్మమ్మ నేర్పింది కదా, తుమ్మినప్పుడల్లా "చిరంజీవ" అంటోంది, ఇల్లంతా నవ్వులు. నేను గడ్డి దుమ్మేమో అనుకున్నా. ఎప్పుడో ఒకటి రెండు తుమ్మితే నిజంగానే ఏం కాదట. మర్నాడు చిరంజీవ అనీ అనీ పిల్లకి విసుగొచ్చింది, అన్ని తుమ్ములు. ఆరో రోజుకి కంటి అంచున పసుపు పచ్చగా పుసి గట్టిపడి అంటుకుపోయింది. ఇక్కడొక తిరకాసు ఉందిరా, గినీ పిగ్స్ మొహం కడుక్కునేటప్పుడు కంట్లోంచి పాలలాంటి తెల్లనీళ్ళు వస్తాయి, దాన్నే చేతులతో మొహానికి రాసుకుంటాయి, అది మామూలే. నేను దాన్ని గూగుల్‌లో చదివేసి ఇదీ అదే అని రెండు రోజులు కూర్చున్నా. పాలలా జారి పోయేది వేరు, ఎండి పక్కు కట్టేది వేరు. పక్కు కట్టిందంటే ఆ రోజే బయల్దేరాలి.

దానికి తోడు మా తెలివి ఇంకోటి. వాసనొస్తోందని బోనుని బాల్కనీ తలుపు దగ్గర పెట్టాం. డిసెంబర్‌లో బెంగళూరు రాత్రుళ్ళు తెలుసుగా, పదిహేను పదహారు డిగ్రీలు, తలుపు సందులోంచి గాలి సూదిలా వస్తుంది. అసలు వాసనెందుకొస్తోంది, నాలుగు రోజులకోసారి గుడ్డ మారుస్తున్నాం కాబట్టి. ఉచ్చలోంచి వచ్చే అమోనియా అది, నిలబడ్డ మన ముక్కుకే తగులుతోందంటే నేలకి రెండంగుళాల ఎత్తులో ముక్కు పెట్టుకుని పడుకునేదానికి ఎంత తగులుతుందో చూడు. ఊపిరి దారి లోపలి పొర దాంతో పాడవుతుంది, ఇక క్రిములకి తలుపు తీసినట్టే. రంపం పొట్టు కూడా అంతే, సన్నటి దుమ్ము ఒకటి, పైన్ దేవదారు లాంటి చెక్కదైతే దాని ఘాటు ఒకటి. ఇప్పుడు మేం ఫ్లీస్ దుప్పటి ముక్కలు పరుస్తున్నాం, రోజూ దులిపి రెండ్రోజులకోసారి ఉతుకుతాం.

ఆ రాత్రి జరిగింది విను. పక్క ఫ్లాట్ ఆంటీ "వాము మూటగట్టి వాసన చూపించండి" అంది, మా అమ్మ ఫోన్లో పసుపు ఆవిరి అంది, నేనేమో వీళ్ళందరికంటే చదువుకున్నోణ్ణి కదా, చిట్టికి మొన్న జ్వరమొచ్చినప్పుడు మిగిలిన అమోక్సిసిలిన్ సిరప్ ఫ్రిజ్‌లో ఉంటే తీసి, ఎంత చిన్న ప్రాణికి ఎన్ని చుక్కలు అని లెక్కేసి సిరంజిలోకి ఎక్కించా. జీడిపప్పు నోటిదాకా వెళ్ళింది చెయ్యి. మీ చెల్లెలు "ఆగండి, పొద్దున్నే డాక్టర్నడుగుదాం" అని చెయ్యి పట్టుకుంది కాబట్టి సరిపోయింది. నిజంగా చెప్తున్నా శీనూ, ఆ మందు వేసుంటే నేనే చంపినట్టు. పెన్సిలిన్ జాతి మందులు, అమోక్సిసిలిన్, ఆంపిసిలిన్ లాంటివి నోటి ద్వారా ఇస్తే వాటి పేగుల్లో గడ్డిని అరిగించే మంచి బాక్టీరియా చచ్చిపోయి, ఆ ఖాళీలో క్లాస్ట్రీడియం అనే విషపు క్రిమి పెరిగిపోతుందట. క్లిండామైసిన్, ఎరిత్రోమైసిన్ కూడా అంతే. మనుషుల పిల్లలకి రోజూ రాసే మందు, వాటికి విషం. అందుకని మీ వీధి చివర మెడికల్ షాపాయన ఎంత మంచోడైనా సరే, ఆయన్నడిగి మాత్రం ఏదీ వెయ్యకు.

పొద్దున్నే దగ్గర్లో ఓ క్లినిక్‌కి వెళ్తే "మేం కుక్కలు పిల్లులే చూస్తామండీ" అన్నారు. హెబ్బాళలో వెటర్నరీ కాలేజీ ఉంది గానీ సోమవారం పొద్దున సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ దాటి ఊరికి ఈ కొస నుంచి ఆ కొసకి, సరే వదిలెయ్. కుందేళ్ళు, చిలకలు చూసే డాక్టరమ్మ ఒకావిడ జయనగర్ వైపు దొరికింది. నేను జీడిపప్పుని ఒక్కణ్ణే తీసుకెళ్దామనుకున్నా, కిస్‌మిస్‌కి ఏం లేదుగా, తుమ్ము లేదు ఏం లేదు, ఒక మూల బుద్ధిగా కూర్చుంటోంది. చిట్టి "అది ఒక్కతే ఏడుస్తుంది" అంటే సరే అని దాన్నీ పెట్టెలో పెట్టా.

డాక్టరమ్మ ముందు జీడిపప్పుని చూసింది, ముక్కులు తడి, కళ్ళు పుసులు, పైన ఊపిరి దారి వరకే ఉంది అంది. తర్వాత కిస్‌మిస్‌ని ఎత్తుకుంది. ఎత్తుకోగానే ఆవిడ మొహం మారింది. స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విని, నన్ను దగ్గరికి పిలిచి "వినండి" అని నా చెవికి పెట్టింది. వేడి పెనం మీద చెయ్యి విదిలిస్తే నీళ్ళు చిటపటమంటాయి చూడు, అట్లా. ఒళ్ళంతా వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉంటే నేను బొద్దుగా ఉందనుకున్నా, వేళ్ళు పెడితే వెన్నెముక తగిలింది. ఊపిరి పీల్చినప్పుడల్లా డొక్కలు లోపలికి లాగేస్తున్నాయి. తూచింది. 211. ఫ్రిజ్ మీద 255 ఉంది. పది రోజులు కూడా కాలేదు. ఎదగాల్సిన పిల్ల 44 గ్రాములు తగ్గింది. ఈ మధ్యలో నేను తూచలేదా అంటే తూచాను శీనూ, తుమ్ముతున్నవాణ్ణి రెండుసార్లు తూచా. తుమ్మనిదాన్ని ఎందుకు తూస్తాం అనుకున్నా.

ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు తెల్లగా కమ్ముకుపోయి ఉన్నాయి, న్యుమోనియా. నాకేం కనబడలేదే మేడమ్ అంటే ఆవిడ చెప్పింది, ఇవి వేటాడబడే జంతువులు, జబ్బుగా ఉన్నట్టు కనబడితే వేటాడేవి ముందు దాన్నే ఎత్తుకుపోతాయి కాబట్టి ఆఖరిదాకా బాగున్నట్టే కూర్చుంటాయి అని. పైగా అవి ముక్కుతోనే ఊపిరి తీసుకోగలవు, మనలా ముక్కు మూసుకుపోతే నోటితో కానిద్దాంలే అనే వీలు లేదు. నోరు తెరిచి పీలుస్తోందంటే పరిస్థితి చెయ్యి దాటుతున్నట్టే.

కిస్‌మిస్‌ని ఆక్సిజన్ పెట్టెలో అక్కడే ఉంచుకున్నారు. పొద్దున ఐదింటికి ఫోనొచ్చింది. ఆ టైమ్‌కి వచ్చే ఫోన్‌లో ఏముంటుందో ఎత్తకముందే తెలుస్తుంది కదా. అపార్ట్‌మెంట్ వెనక కానుగ చెట్టు ఉంది, ఇక్కడ హొంగె అంటారు, వాచ్‌మన్ గునపం తెచ్చి లోతుగా తవ్విపెట్టాడు. చిట్టి ఏం మాట్లాడలేదు, పైకొచ్చి ఫ్రిజ్ మీద కాగితంలో కిస్‌మిస్ పేరు కొట్టెయ్యాలా వద్దా అని మాత్రం అడిగింది. వద్దన్నా. ఆ పేరు ఇంకా అక్కడే ఉంది.

జీడిపప్పు సంగతి చెప్తా. రెండు వారాలు మందు. చిన్నపిల్లాడు కాబట్టి ఎదిగే కీళ్ళకి ఎన్రోఫ్లాక్సాసిన్ అంత మంచిది కాదని ట్రైమెథోప్రిమ్ సల్ఫా రాసిచ్చింది. అది మా వాడికి రాసింది, మోతాదు బరువుని బట్టి, నువ్వు దీన్ని పట్టుకుని షాపుకెళ్ళకు. చిట్టి నెబ్యులైజర్‌నే ప్లాస్టిక్ డబ్బాకి కన్నాలు పెట్టి దాంట్లోకి పొగ వెళ్ళేలా చేసి, వాణ్ణి లోపల కూర్చోబెట్టి డాక్టరమ్మ చెప్పిన సెలైన్ పట్టాం. వేడినీళ్ళ ఆవిరి వద్దంది, వేడికి ఇంకా ఆయాసపడతాయట. అసలు యుద్ధమంతా తిండి దగ్గరే. వాటి పేగులు ఆగకుండా తిరుగుతూనే ఉండాలి, ఓ పూట తినకపోతే గ్యాస్ పట్టి జబ్బుకంటే ముందు అదే చంపుతుంది. పెల్లెట్లు, అదే షాపులో అమ్మే గుళికల మేత, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి జావలా చేసి, మూడు గంటలకోసారి సిరంజితో. ముందుపళ్ళ వెనక పక్కనుంచి పెట్టి కొంచెం కొంచెం తోసి, నమిలేదాకా ఆగాలి. ఎదురుగా నోట్లోకి జిమ్మితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రాత్రి తొమ్మిదికి అమెరికావాళ్ళతో కాల్‌లో ఉంటూ మ్యూట్ పెట్టుకుని ఒళ్ళో టవల్లో చుట్టిన వీడికి జావ పట్టేవాణ్ణి, ఒకసారి మ్యూట్ పెట్టడం మర్చిపోయి "నోరు తెరు నాన్నా, ఇంకొక్కటి" అనేశా, మా మేనేజర్ ఇప్పటికీ వదల్లేదు.

సీ విటమిన్ గురించి నాకు అస్సలు తెలీదు. మనకి లాగే వాటికీ ఒంట్లో తయారు కాదు, తిండిలోనే రావాలి, రాకపోతే నీరసించి ఏ క్రిమి వచ్చినా తట్టుకోలేవు. షాపులో నీళ్ళలో కలిపే చుక్కలమందు అంటగట్టాడు, అది వెలుతురుకి గంటల్లోనే పనికిరాకుండా పోతుందట, పైగా రుచి మారి నీళ్ళు తాగడం మానేస్తాయి. మూత తీసిన బస్తాలో అమ్మే పెల్లెట్లలో కూడా అంతే, తయారైన మూడు నెలలకి దాంట్లో విటమిన్ పోతుంది. రోజూ క్యాప్సికమ్ ముక్క, గుప్పెడు కొత్తిమీర, అప్పుడప్పుడు చిన్న జామ ముక్క. గడ్డికి తిమోతీ అనే ఇంపోర్టెడ్ ఎండుగడ్డికి వెయ్యీ రెండు వేలూ పోస్తున్నాం, దాంతోపాటు వినాయకుడి గుడి దగ్గర పూలామె అమ్మే గరిక తెచ్చి బాగా కడిగి ఆరబెట్టి వేస్తే ప్రాణం పెడతాడు. ఆవిడ నన్ను మహాభక్తుణ్ణి అనుకుంటోంది.

ఇప్పుడు నీ సంగతి. నీ ఇంట్లో మీ కుక్క టైగర్ ఉన్నాడు, వాడు ఆరోగ్యంగా ఉన్నాసరే కుక్కల ముక్కుల్లో, కుందేళ్ళ ముక్కుల్లో బోర్డెటెల్లా అనే క్రిమి ఊరికే కూర్చుని ఉండొచ్చు, వాటికి ఏం కాదు, గినీ పిగ్‌కి అంటితే న్యుమోనియా. ఆ షాపు గుమ్మంలో దగ్గిన కుక్కపిల్ల నాకు ఇప్పుడు నిద్రలో కూడా వినబడుతోంది, అదే కారణమని నేను ఒట్టేసి చెప్పలేను గానీ. టైగర్‌ని ముట్టుకున్న చేతుల్తో వీటిని ముట్టుకోవద్దని కోడలుపిల్లకి చెప్పు, వేరే గది చూడు. రెండోది, శివరాత్రికి చలి శివశివా అని పోతుంది, ఆ వెంటనే మీ రాజమండ్రి ఎండలు. ముప్ఫై డిగ్రీలు దాటితేనే ఇవి సొమ్మసిల్లుతాయి, మీకు మేలో నలభై దాటుద్ది. ఆ గదికి ఏసీ, కరెంటు పోతే ఇన్వర్టర్, ఇవి ఉన్నాయా చూసుకో. చెల్లెమ్మ ఒప్పుకోదు, నాకు తెలుసు, తన పక్షమే నేను. మూడోది, మీ ఊళ్ళో గానీ కాకినాడలో గానీ వీటిని చూసే డాక్టర్ ఎవరో ఫోన్ చేసి కనుక్కో, అవి ఇంటికొచ్చాక కాదు, ముందే.

జీడిపప్పు ఇప్పుడు 430 గ్రాములు. ఫ్రిజ్ తలుపు చప్పుడైతే చాలు కువీ కువీ అని కాలనీ అంతా లేపుతాడు. ఒంటరిగా ఉండకూడదు వీళ్ళు, స్విట్జర్లాండ్‌లో 2008 నుంచి ఒక్కదాన్నే పెంచడం చట్టరీత్యా తప్పట, జోడు వెతుకుతున్నాం. ఎవరొచ్చినా మూడు వారాలు మా బెడ్‌రూమ్‌లో వేరుగా, ముందు వీడి పని చూసి ఆ తర్వాతే కొత్తదాని దగ్గరికి వెళ్ళడం, మళ్ళీ చేతులు కడుక్కోవడం. చిట్టి రోజూ స్కూల్ నుంచి రాగానే తూచి రాస్తోంది, కాగితం నిండిపోయి రెండోది అంటించాం.

నువ్వు ఆదివారం షాపుకి వెళ్ళక తప్పదంటే ఆ పిల్లల్ని ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని విను, నాలుగైదు నిమిషాలు నిలబడి చూడు, ఏది మూల కూర్చుందో దాన్నే ఎక్కువ చూడు. వెళ్ళేముందు ఒక కాటా కొను, ఐదువందల్లోపే వస్తుంది. ఈసారి ఫోటో పంపితే ముందు దానిది పంపు.

నీ
రాము