కోరింత దగ్గు చిట్కాల గురించి

అందరికీ నమస్కారం. కోరింత దగ్గుకు తులసి, అల్లం, తేనె చిట్కాలు గ్రూప్‌లో వరుసగా వస్తున్నాయి. గొంతుకు కాస్త హాయినిస్తాయి, కాదనను. కానీ ఇది బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బు, కషాయంతో పోదు. డాక్టర్ ఇచ్చే యాంటీబయాటిక్ కూడా మొదట్లోనే మొదలుపెడితే బాగా పనిచేస్తుంది.

ఏడాది నిండని బిడ్డకు తేనె చుక్క కూడా నాకించొద్దు, బొటులిజం (కండరాలు చచ్చుబడే తీవ్రమైన జబ్బు) ప్రమాదం ఉంది. రెండేళ్లలోపు పిల్లలకు కర్పూరం, నీలగిరి తైలం వద్దు. ఆవిరి పట్టడమంటే నాకు ఇంకా టెన్షన్, మరిగే నీళ్లు ఒలికితే ఒళ్లు కాలుతుంది.

నెలల పిల్లల్లో అసలు దగ్గే వినిపించకపోవచ్చు, ఊపిరి మధ్యమధ్యలో ఆగిపోతుంది. అలా అయినా, పెదాలు నీలంగా మారినా చిట్కాలు వెతక్కుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కోరింత దగ్గు రాకుండా వేసే డీపీటీ టీకా డోసు ఏదైనా మిగిలిపోయిందేమో టీకా కార్డు ఒకసారి చూసుకోండి.