రక్తం పోతున్నవారికే ఆ ఇంజెక్షన్ ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

పేగులు దీర్ఘకాలం వాచి పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ జబ్బులతో నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి చెన్నై ఆసుపత్రులకు వచ్చే తెలుగువాళ్లకు ఒక మాట చెప్పాలి. వార్డులో చేరగానే పొట్టకు వేసే ఇంజెక్షన్ రక్తం పలచబడటానికని తెలియగానే ఇంటివాళ్లు అడ్డుపడతారు. "అసలే విరేచనంలో రక్తం పడుతోంది, ఇంకా పలచన చేస్తారా?" అంటారు. ఆ భయం సహజమే. అయినా దయచేసి వద్దనకండి.

పేగు వాపు ముదిరినప్పుడు ఫైబ్రినోజన్ (గడ్డకట్టడానికి తోడ్పడే ప్రొటీన్), ప్లేట్‌లెట్లు పెరిగి రక్తానికి గడ్డకట్టే గుణం హెచ్చుతుంది. విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గడం, మంచం మీదే ఉండిపోవడం, స్టెరాయిడ్లు దానికి తోడవుతాయి. కాలి సిరల్లో, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు వచ్చే ముప్పు మామూలువాళ్లకన్నా వీళ్లకు రెండు మూడు రెట్లు. జబ్బు తిరగబెట్టిన రోజుల్లో ఇంకా ఎక్కువ. అందుకే సాధారణంగా రోజుకొకసారి ఆ ఇంజెక్షన్, అంటే ఎనాక్సపారిన్, 40 మిల్లీగ్రాములు ఇస్తారు. కాస్త రక్తం పడుతున్నా ఆపరు. రక్తస్రావం ప్రాణం మీదికొచ్చేలా ఉంటే ఆపి, కాళ్లకు గాలితో బిగిసే పట్టీలు కడతారు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు మోతాదు తగ్గిస్తారు.

బొడ్డుకు రెండంగుళాలు పక్కన చర్మాన్ని మడతపట్టి, సూదిని నిటారుగా దించాలి. తీశాక రుద్దకూడదు, కమిలిపోతుంది. మర్నాడు రెండో వైపు వేయాలి.

అసలు లోపం డిశ్చార్జి దగ్గర ఉంది. ఇంటికి చేరాక కూడా కొన్ని వారాలు ముప్పు ఉంటుంది. ఒక పిక్క బరువెక్కి నొప్పి పుడితే బస్సు ప్రయాణం వల్లేననుకుని మందుల షాపులో డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర కొనుక్కుంటారు. దానివల్ల కొలైటిస్ రేగవచ్చు, గడ్డ మాత్రం అలాగే ఉంటుంది. మోకాలిచిప్ప కింద ఎముక బొడిపె నుంచి 10 సెంటీమీటర్లు దిగువన రెండు పిక్కలనూ టేపుతో కొలవండి. తేడా 3 సెంటీమీటర్లు దాటితే అదే రోజు డాప్లర్ స్కాన్ (సిరల్లో రక్తప్రవాహాన్ని చూసే స్కాన్) చేయించాలి. తేడా తక్కువున్నా వాపు, నొప్పి ఉంటే డాక్టరుకు చూపించాలి. గడ్డ ఉందేమోనని చేసే డీ-డైమర్ రక్తపరీక్ష ఒక్కటే చాలదు, పేగు వాపుకే అది పెరిగిపోతుంది. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే 108కి ఫోన్ చేయాలి. ఎన్నడూ లేని తలనొప్పితో వాంతులు, చూపు మసకబారడం కనిపించినా ఆలస్యం వద్దు, మెదడు సిరల్లోనూ గడ్డ కట్టవచ్చు. గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

ఆసుపత్రుల యాజమాన్యాలకు నా విన్నపం: ఈ లక్షణాలను, వార్డు ఫోను నంబరును డిశ్చార్జి కాగితం మీద తెలుగులో నాలుగు వరుసల్లో అచ్చువేయండి.

— ఒక స్టాఫ్ నర్సు, పెరంబూరు, చెన్నై