సైడ్‌బార్ కిందికి జారిందంటే ముందు లెక్క చూడు

ఒరేయ్ శీనూ,

పక్కనుండాల్సిన సైడ్‌బార్ పోస్టుల కిందికి దిగిపోయిందనీ, ఫోన్లో తెరిస్తే పేజీ అడ్డంగా జరుగుతోందనీ రాశావు. రెండూ వెడల్పు తగాదాలే గానీ కారణాలు వేరు. అందుకని సీఎస్‌ఎస్‌లో (పేజీ రూపాన్ని చెప్పే కోడ్‌లో) కనపడిన అంకెనల్లా మార్చుకుంటూ పోకు. ఏ పెట్టె ఎంత వెడల్పు తింటోందో కొలిచాకే చెయ్యి పెట్టు.

ముందు సైడ్‌బార్ సంగతి. నీ టెంప్లేట్ పాతకాలపు 960 పిక్సెల్స్‌ది. మానిటర్లు 1024 వెడల్పు ఉన్న రోజుల్లో ఆ అంకె స్థిరపడింది. స్క్రోల్‌బార్‌కి చోటు పోయినా హాయిగా పడుతుంది, 2, 3, 4, 5, 6, 8, 12 దేనితో భాగించినా శేషం రాదు. పోస్టులుండే మెయిన్‌కి 640, సైడ్‌బార్‌కి 320, రెండూ ఫ్లోట్ లెఫ్ట్, అంటే ఎడమ నుంచి పక్కపక్కన పేర్చినవి. కూడితే సరిగ్గా 960. తర్వాత నువ్వు మెయిన్‌కి రెండు వైపులా 20 పాడింగ్ (అంచుకీ రాతకీ మధ్య ఖాళీ), 1 పిక్సెల్ బోర్డర్ (అంచు గీత) పెట్టావు చూడు, అక్కడ చెడింది. మనం ఏమీ చెప్పకపోతే సీఎస్‌ఎస్‌కి విడ్త్ అంటే లోపలి కంటెంట్ వెడల్పు మాత్రమే. పాడింగూ బోర్డరూ దానికి అదనం. అంటే మెయిన్ 640 కాదు, 682. ఇక మిగిలింది 278. అందులో 320 పట్టదు, కిందికి దిగక తప్పదు. ఒక్క పిక్సెల్ ఎక్కువైనా ఇదే గతి.

మందు తేలికే. స్టైల్‌షీట్ మొదట్లో అన్ని పెట్టెలకీ వర్తించే స్టార్ సెలెక్టర్‌కీ, సీఎస్‌ఎస్ తానే చేర్చే బిఫోర్, ఆఫ్టర్ సూడో ఎలిమెంట్లకీ కలిపి బాక్స్-సైజింగ్ బోర్డర్-బాక్స్ అని రాసెయ్. ఇక 640 అంటే అన్నీ కలుపుకునే 640. అయితే లోపల రాతకి మిగిలేది 598 అని గుర్తుంచుకో. ఇదివరకు 640 వెడల్పున పెట్టిన బొమ్మలు ఇప్పుడు బయటికి పొడుచుకొస్తాయి. పెట్టె బయటి ఖాళీ, అదే మార్జిన్, మాత్రం ఈ లెక్కలోకి రాదు. రెండు కాలమ్‌ల మధ్య 20 మార్జిన్ కావాలంటే ఏదో ఒకదాని విడ్త్‌లోంచి ఆ 20 తీసెయ్యాల్సిందే.

ఫుటర్ పైకి ఎక్కేసి, మొత్తాన్ని చుట్టి ఉండే వ్రాపర్ బ్యాక్‌గ్రౌండ్ రంగు మాయమైతే అది వేరే జబ్బు. లోపలున్నవన్నీ ఫ్లోట్ అయితే వాటి ఎత్తు వ్రాపర్ లెక్కలోకి రాదు. వ్రాపర్‌కి డిస్‌ప్లే ఫ్లో-రూట్ పెట్టు. ఓవర్‌ఫ్లో హిడెన్‌తోనూ కుదురుతుంది గానీ, రేపు సైడ్‌బార్‌ని స్టిక్కీ (పేజీ జరిగినా తెర మీద నిలిచేలా) చేద్దామంటే అది అంటుకోదు.

ఫ్లూయిడ్ (తెర వెడల్పుని బట్టి సాగేలా) చేద్దామనుకుంటున్నావు కదా, మంచిదే. 2010లో వెబ్ డిజైనర్ ఈథన్ మార్కాట్ రెస్పాన్సివ్ డిజైన్ (ఏ తెరకైనా ఒదిగే డిజైన్) గురించి రాసినప్పుడు వాడిన సూత్రమే ఇప్పటికీ పనికొస్తుంది: కావలసిన వెడల్పుని దాని పేరెంట్ (దాన్ని చుట్టి ఉన్న పెట్టె) వెడల్పుతో భాగించు. 640ని 960తో భాగిస్తే 66.6667 శాతం, 320కి 33.3333 శాతం. చాలామంది తడబడేది పాడింగ్ దగ్గర. అదే 20 పిక్సెల్స్ సైడ్‌బార్‌కే ఇస్తే దాని పేరెంట్ 960 కాబట్టి 2.0833 శాతం. సైడ్‌బార్ లోపలి విడ్జెట్‌కి ఇస్తే పేరెంట్ 320, కాబట్టి 6.25 శాతం. పైగా పైనా కిందా ఇచ్చే పాడింగ్ శాతం కూడా ఎత్తుని బట్టి కాదు, పేరెంట్ వెడల్పుని బట్టే లెక్కకొస్తుంది. బ్రౌజర్ కిటికీ పెద్దదైతే హెడింగ్ కింద ఖాళీ పెరిగిపోయేది ఇందుకే. నా మాట విని కాలమ్‌లకి శాతాలు, పాడింగ్‌కి పిక్సెల్స్ వాడు. బోర్డర్-బాక్స్ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు.

వ్రాపర్‌ని అదుపు లేకుండా 100 శాతానికి వదిలేస్తే 1920 మానిటర్ మీద లైను ఈ చివర నుంచి ఆ చివరకి పోతుంది, చదవలేం. విడ్త్‌కి, రెండింటిలో చిన్నది తీసుకునే మిన్ ఫంక్షన్ రాసి, లోపల 100 శాతం మైనస్ 32 పిక్సెల్స్ ఒకటి, 960 పిక్సెల్స్ రెండోది ఇవ్వు. పక్క మార్జిన్లు ఆటో. ఆ మైనస్‌కి అటూ ఇటూ ఖాళీ ఉండాలి, లేదంటే బ్రౌజర్ ఆ లైనునే వదిలేస్తుంది.

ఇక ఫోన్. మొట్టమొదట, పేజీ వెడల్పు ఫోన్ తెరంతే అని చెప్పే వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ ఉందో లేదో చూడు. అది లేకపోతే ఫోన్ బ్రౌజర్ పేజీని మామూలుగా 980 వెడల్పుదనుకుని చిన్నదిగా చూపిస్తుంది. ట్యాగ్ ఉన్నా పేజీ అడ్డంగా జరుగుతోందంటే లోపల కుంచించుకోనిది ఏదో ఉన్నట్టే. పట్టుకోవడం ఇలా: కంప్యూటర్ బ్రౌజర్లో ఎఫ్12 నొక్కి ఇన్‌స్పెక్టర్ తెరిచి, స్టార్ సెలెక్టర్‌కి ఎర్రటి 1 పిక్సెల్ అవుట్‌లైన్ ఇవ్వు. బోర్డర్ ఇవ్వొద్దు, అది చోటు తిని లెక్క మార్చేస్తుంది. అవుట్‌లైన్ చోటు తినదు. కుడి అంచు దాటిన పెట్టే దొంగ. కంటికి దొరక్కపోతే ఇన్‌స్పెక్టర్‌లో ఒక్కో భాగం డిలీట్ చేస్తూ పో. ఏది పోతే అడ్డం స్క్రోల్ ఆగిందో దాంట్లోనే ఉంది. కంట్రోల్ జెడ్ కొడితే తిరిగొస్తుంది.

సాధారణంగా దొరికేవి చెప్తాను. బొమ్మలకి మ్యాక్స్-విడ్త్ 100 శాతం, హైట్ ఆటో కావాలి. రెండోది మరిచిపోతే మొహాలు సాగిపోతాయి. కోడ్ ముక్కలుండే ప్రీ ట్యాగ్‌కి ఓవర్‌ఫ్లో-ఎక్స్ ఆటో. ఎక్కడైనా 100 వీడబ్ల్యూ (కిటికీ మొత్తం వెడల్పు) రాసుంటే 100 శాతం చెయ్యి, ఎందుకంటే కంప్యూటర్లో అది నిలువు స్క్రోల్‌బార్ వెడల్పునీ కలిపేసుకుంటుంది. ఫ్లోట్ మానేసి గ్రిడ్‌లోకి (గడుల్లో పెట్టెలు పేర్చే పద్ధతిలోకి) మారితే 1 ఎఫ్‌ఆర్ (మిగిలిన చోటులో ఒక వాటా) అని వదిలెయ్యకు. లోపలి వస్తువు కనీస వెడల్పు కన్నా ఆ కాలమ్ తగ్గదు. మిన్‌మ్యాక్స్‌లో సున్నా, 1 ఎఫ్‌ఆర్ ఇస్తే తగ్గుతుంది. ఫ్లెక్స్‌లో (పెట్టెల్ని వరసగా పేర్చే పద్ధతిలో) అదే పని మిన్-విడ్త్ సున్నా చేస్తుంది.

మన తెలుగు పేజీలకి ఇంకో చిక్కుంది. "చెప్పుకోలేకపోతున్నామనుకుంటున్నారేమో" లాంటి మాట సన్న కాలమ్‌లో ఒకే ముక్క, ఎక్కడా విరగదు. ఓవర్‌ఫ్లో-వ్రాప్‌కి ఎనీవేర్ ఇవ్వు. బ్రేక్-వర్డ్ కూడా మాటని విరుస్తుంది గానీ, గ్రిడ్, ఫ్లెక్స్ కనీస వెడల్పు లెక్కేసేటప్పుడు ఆ విరుపుని పట్టించుకోవు, కాలమ్ మళ్ళీ ఉబ్బుతుంది. లైన్-హైట్ 1.2 ఉంచి టైటిల్‌కి ఓవర్‌ఫ్లో హిడెన్ పెడితే "రాష్ట్రం" కింద ఒత్తులు తెగిపోతాయి. 1.6 నుంచి 1.8 దాకా పెట్టి చూడు. లైను పొడవుకి సీహెచ్ యూనిట్ వాడకు, అది సున్నా అంకె వెడల్పు మీద నడుస్తుంది, మన అక్షరాల వెడల్పుతో దానికి సంబంధం లేదు.

బాడీకి ఓవర్‌ఫ్లో-ఎక్స్ హిడెన్ పెడితే సరిపోతుందని ఎవరైనా చెప్తారు. వద్దురా. పొడుచుకొచ్చిన పెట్టె అలాగే ఉంటుంది, దాని కుడివైపు రాత మాత్రం చదివేవాళ్లకి అందకుండా పోతుంది.

సవరించాక 320, 360, 768, 1024 వెడల్పుల్లో చూడు, కంప్యూటర్లో 200 శాతం జూమ్ చేసి కూడా చూడు. అప్పటికీ సైడ్‌బార్ దిగిందంటే ఇన్‌స్పెక్టర్‌లో కంప్యూటెడ్ కింద కనిపించే బాక్స్ బొమ్మలోంచి వ్రాపర్, మెయిన్, సైడ్‌బార్ మూడింటి విడ్త్, పాడింగ్, బోర్డర్, మార్జిన్ రాసి పంపు. కూడి చూద్దాం.

నీ
రవి