ఆచారిగారి హనుమంతుడికి నీడ కావాలి: ఉగాది లోపు విరాళాలకు విజ్ఞప్తి

భక్త మహాశయులకు, ఊళ్లో ఉన్నవారికీ, నెల్లూరు, బెంగుళూరు, హైదరాబాదుల్లో స్థిరపడిన మనవాళ్లకూ రామాలయం కమిటీ నమస్కారాలు.

పోయిన కార్తీకంలో మన ఆచారిగారు కాలం చేశారు. ఆయన లేకుండా జరగబోయే మొదటి శ్రీరామనవమి ఇది. ఉదయగిరి చుట్టుపక్కల నర్ది, బిక్కి కర్రలతో గరిటెలు, చెంచాలు చెక్కేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆయన బతుకుదెరువూ అదే. పగలంతా గరిటెలు చెక్కి, రాత్రిళ్లు స్వామి వాహనాలకు కూర్చున్నది మాత్రం ఆయనొక్కరే. గరుడ, శేష, హనుమంత వాహనాలు మూడింటికీ పైసా కూలి తీసుకోలేదు. తన ఇంటికి రేకులే ఉన్నా, పని నేర్చుకోను వచ్చిన పిల్లలు ఆ ఇంట్లోనే తినేవాళ్లు. వదినమ్మగారు ఎసట్లో ఎప్పుడూ ఇద్దరికి ఎక్కువే పోసేవారు.

హనుమంతుడి తోక కుచ్చు దగ్గర ఎరుపు మూడు రకాలుగా ఉంటుంది, చూశారా? ఆ రంగులేసింది ఆయన ముగ్గురు కూతుళ్లు, చిన్నపిల్లలప్పుడు. ఎవరి గిన్నెలో వాళ్లు కలుపుకున్నారు. సరిచేయమని ఎంతమంది చెప్పినా ఆయన ఒప్పుకోలేదు.

ఇప్పుడా హనుమంతుడి కుడి భుజానికి చెదలు పట్టాయి. వాన పడితే భజన గది కురుస్తుంది, వాహనాలు ఉన్నది ఆ గదిలోనే. పట్నంలో పెద్ద గుడికి ఇచ్చేస్తే భద్రంగా ఉంటాయని సలహా ఇచ్చినవారూ లేకపోలేదు. 1514లో కోట గెలిచిన కృష్ణదేవరాయలు ఉదయగిరి బాలకృష్ణుణ్ణి హంపికి తీసుకెళ్లాడు. ఆయనంటే రాజు. మన హనుమంతుణ్ణి మనమే సాగనంపుకోవాలా?

అందుకే ఆచారిగారి పేరు మీద వాహనశాల తలపెట్టాం. వంటశాల, ప్రహరీ కూడా చేయాల్సినవే, కాదనం. కోశాధికారిగారికి మైకుసెట్టు మీద ఉంది మనసు. అన్నీ చూద్దాం, ముందు ఇది కానీయండి. అంచనా 7 లక్షల పైచిలుకు, చేతికొచ్చింది సగం కూడా లేదు. మిగతా లెక్కలు గుడి గోడకు అంటించాం.

మనది మెట్ట ఊరు. వానల్లేని ఏళ్లలో కూడా కళ్లంలో స్వామి వాటా కొలిచాకే గింజలు ఇంటికి చేర్చిన పెద్దల బిడ్డలం. సంక్రాంతికి కార్లలో వచ్చి వాహనాల ముందు ఫొటోలు దిగినవాళ్లు, ఇప్పుడు వాట్సాప్‌లో దండం బొమ్మ పెట్టి ఊరుకుంటే ఎట్లా?

పునాది లేచింది, స్లాబు మిగిలింది. ఉగాది దాటితే సెంట్రింగు సామాను వేరే పనికి తీసుకెళ్తానని మేస్త్రీ తెగేసి చెప్పాడు. డబ్బే అక్కర్లేదు, సిమెంటు, ఇసుక, కంకర ఏదిచ్చినా మహాప్రసాదమే. రూ.1,116 ఆపైన ఇచ్చినవారి గోత్రనామాలు నవమి కల్యాణంలో చదివిస్తాం. రసీదు పుస్తకాలు పూజారిగారి దగ్గర, కార్యదర్శి దగ్గర తప్ప ఇంకెక్కడా లేవు. రసీదు లేనిదే ఎవరి చేతికీ డబ్బు ఇవ్వకండి.

ఇట్లు,
రామాలయం కమిటీ