రాళ్ల మీద నుంచి ఇసుక మీదికి: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఆక్లండ్‌లో సరదాగా చేపలు పట్టే మన తెలుగు కుటుంబాల సంఘం 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు చేసిన పనుల నివేదిక ఇది. జమాఖర్చుల పత్రాన్ని కోశాధికారి విడిగా పంపారు కనుక ఆ వివరాలు ఇక్కడ ఇవ్వడం లేదు. ఈ ఏడాది కార్యవర్గం ఎక్కువ సమయం వెచ్చించింది, సభ్యులు ఎక్కువగా వాదించుకున్నది ఒక్క విషయం మీదే. అది మన ఉమ్మడి డ్రోను. నివేదికలో సింహభాగం కూడా దానిదే.

కొనాలన్న తీర్మానం జరిగిన రోజు రాలేకపోయినవారి కోసం కారణం మళ్లీ చెబుతున్నాను. మురివాయ్, పీహా వంటి పడమటి తీరాల్లో ఇసుక ఒడ్డున నిలబడి గాలం విసిరితే చాలాసార్లు ఎర అలలు విరిగే చోటు దాటదు. రాతి అంచు ఎక్కితే లోతు నీళ్లు కాళ్ల కిందే ఉంటాయి. ఆ ఆశే మనుషులను రాళ్ల మీదికి తీసుకెళ్తుంది. టాస్మన్ సముద్రంలో ఎక్కడో లేచిన అలలు గుంపులు గుంపులుగా వస్తాయి. పావుగంట సేపు రాయి పొడిగా ఉందని నమ్మి కూర్చున్నవారిని ఆ తరువాత వచ్చే గుంపు ఒక్క ఊపున ఈడ్చుకుపోగలదు. ఇలా పోయిన ప్రాణాలు చాలా ఉండబట్టే ఆక్లండ్‌లో రాళ్ల మీద చేపలు పట్టేవారి రక్షణ కోసం 2006లో ప్రత్యేకంగా ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. సముద్రం తీరు తెలియని కొత్త వలసదారులకు ప్రమాదం మరీ ఎక్కువ. మనలో చాలామంది గోదావరి కాలువల్లోనో, ఊరి చెరువుల్లోనో గాలం పట్టడం నేర్చుకున్నవాళ్లం. ఆ అనుభవం ఇక్కడి రాళ్ల మీద పనికిరాదు. ఇసుక మీదే నిలబడి ఎరను లోతుకు పంపే దారి ఉన్నప్పుడు ప్రాణాన్ని పణంగా పెట్టడం ఎందుకన్నదే కార్యవర్గం వాదన. డ్రోను కొన్నది అందుకే. ఎక్కువ చేపలు పట్టడానికి కాదని ఈ నివేదికలో గట్టిగా నమోదు చేయాలనుకుంటున్నాను.

పనిచేసే తీరు సులువే. ఎర గుచ్చిన కొక్కేలు, సీసం గుండు ఉన్న దారాన్ని డ్రోను కింది పట్టీకి తగిలిస్తాం. రీలు వదులుగా ఉంచితే డ్రోను దారాన్ని లాక్కుంటూ అలలు దాటి వెళ్తుంది. అనుకున్న చోట మీట నొక్కితే పట్టీ తెరుచుకుని ఎర నీళ్లలో పడుతుంది. ఆ తరువాత అంతా పాత పద్ధతే: కర్ర, రీలు, ఓపిక. మోయాల్సిన బరువుకంటే దారం మీద గాలి ఒత్తిడే డ్రోనును ఎక్కువగా అలసిపెడుతుందని శిక్షణలో అందరికీ తెలిసివచ్చింది. దూరం పెరిగేకొద్దీ, పక్కగాలి వీచేకొద్దీ ఆ లాగుడు పెరుగుతుంది. అందుకే మందపాటి నైలాన్ మాని సన్నని అల్లిక దారానికి మారాం. బ్యాటరీ తగ్గగానే దానంతట అదే వెనక్కి వచ్చే ఏర్పాటు ఉన్నా, దారం ఇంకా తగిలి ఉండగా డ్రోను వెనుదిరిగితే రెక్కలకు చిక్కుపడే ముప్పుంది. సగం బ్యాటరీ ఉండగానే ఎర వదిలేయాలన్నది ఇప్పుడు మన నియమం.

పడమటి తీరంలో ఇంకో ప్రత్యేకమైన చిక్కు ఎదురైంది. అక్కడి నల్ల ఇసుకలో ఇనుము ఎక్కువ. గ్లెన్‌బ్రూక్ ఉక్కు కర్మాగారానికి ముడిసరుకు ఈ రకం ఇసుకే. డ్రోను మోటార్లలో అయస్కాంతాలుంటాయి కదా, ఒడ్డున పెట్టి లేపితే రెక్కల గాలికి లేచిన ఇసుక రేణువులు మోటారు లోపలి అంచుకు మీసం మొలిచినట్టు అంటుకుంటాయి. తడిగుడ్డతో తుడిస్తే రావు. బంకమట్టిలా మెత్తగా ఉండే జిగురు ముద్దను అద్ది, ఒక్కో మోటారుకు ఓపిగ్గా తీయాల్సి వచ్చింది. ఆ ఇసుక దిక్సూచిని కూడా తికమక పెట్టగలదు. ఇప్పుడు మడత బల్ల మీద నుంచే ఎగరేసి, చేతులకు తొడుగులు ఉన్న ఇద్దరు దగ్గరుండగా దాని మీదికే దింపుతున్నాం. బల్ల ఇచ్చిన సభ్యురాలికి కార్యవర్గం కృతజ్ఞతలు.

ఇక చట్టం. పౌర విమానయాన నిబంధనల 101వ భాగం ప్రకారం 120 మీటర్ల ఎత్తు దాటకూడదు. డ్రోను మన కంటికి నేరుగా కనిపిస్తూ ఉండాలి, తెరలో కనిపిస్తే చాలదు. ఎవరి మీదుగా ఎగరేస్తామో వారి సమ్మతి, ఎవరి స్థలం మీదుగా పోతుందో వారి అనుమతి ఉండాలి. విమానాశ్రయానికి 4 కిలోమీటర్ల లోపు ప్రత్యేక అనుమతి లేనిదే ఎగరేయకూడదు. మానుకౌ తీరాన ఉండే సభ్యులు దీన్ని బాగా గుర్తుంచుకోవాలి, ఆక్లండ్ విమానాశ్రయం ఉన్నది ఆ ఒడ్డునే. చీకటి పడ్డాక ఎగరేయకూడదన్న నిబంధన కొందరికి కష్టంగా తోచింది, ఎందుకంటే స్నాపర్ చేప బాగా పడేది మునిమాపు వేళే. వెలుతురు ఉండగానే ఎర దింపి, డ్రోనును పెట్టెలో పెట్టేసి, తరువాత ఎంతసేపైనా కర్ర పట్టుకుని కూర్చోవచ్చు. అలలపై ఆడేవారు, ఈదేవారు ఉన్న వైపు మన దారం పోకూడదు. చట్టం ఇంత వివరంగా చెప్పినా చెప్పకపోయినా ఇది మన బాధ్యత.

పక్షుల గురించి. మురివాయ్ కొండ అంచున వెయ్యికి పైగా గానెట్ జంటలు గూళ్లు కట్టుకుంటాయి. ఆగస్టు నుంచి మార్చి వరకు అవి అక్కడే ఉంటాయి. రెక్కలు ముడిచి బాణంలా నీళ్లలోకి దూకే ఆ పక్షికి గాలిలో వేలాడే మన ఎర స్క్విడ్ ముక్క చేపలాగే కనిపించవచ్చు. వందల మీటర్ల సన్నని దారం దానికి కనిపించకపోవచ్చు కూడా. అందుకే ఆ కొండ పరిసరాల్లో మన డ్రోను ఎప్పుడూ ఎగరదు. మిగతా చోట్ల పక్షుల గుంపు కనిపిస్తే ఎరను వెనక్కి తెచ్చేయాలి. వేసవిలో ఒకసారి సముద్రపు కాకులు డ్రోను వెంటపడినప్పుడు, అప్పుడు నడుపుతున్న మన యువ సభ్యుడు ఎవరూ చెప్పకముందే దాన్ని దింపేశాడు. ఆ పూట కర్రతో విసిరి సరిపెట్టుకున్నారు. ఆ కుర్రాడిని మనసారా అభినందిస్తున్నాను.

అందరికంటే గట్టిగా వాదన నడిచింది కొక్కేల సంఖ్య మీద. న్యూజిలాండ్ నిబంధనలు ఒక మనిషికి వరుసగా కొక్కేలు కట్టిన ఒక పొడవాటి దారం (లాంగ్‌లైన్), దానికి 25 కొక్కేల వరకు అనుమతిస్తాయి. ‘చట్టం ఇచ్చినది మనమెందుకు వదులుకోవాలి’ అన్నవారి మాటలో న్యాయం లేకపోలేదు. కానీ మన అవసరం ఇంటిల్లిపాదికీ ఒక పూట పులుసు. స్నాపర్ 60 ఏళ్ల దాకా బతకగల చేప, నెమ్మదిగా పెరుగుతుంది. నిన్నటిదాకా గాలానికి అందని లోతుల్లో ఉండి బతికిన పెద్ద చేపల దగ్గరికి ఇవాళ యంత్రంతో ఎర తీసుకెళ్తున్నాం. చేరే శక్తి పెరిగినప్పుడు తీసుకునే మోతాదు తగ్గించుకోవాలని నా అభిప్రాయం. చివరికి సంఘం డ్రోనుకు మూడు కొక్కేలే అని తీర్మానించారు. అవి కూడా పెదవి మూలన దిగే గుండ్రని కొక్కేలు కావాలి, వదిలేయాల్సిన చేప బతికి బయటపడాలంటే అదే మేలు.

దక్షిణ ఆఫ్రికాలో ఏం జరిగిందో చూడండి. అక్కడి చట్టం గాలం వేటను చేత్తో కర్ర, రీలు, దారం నడపడంగా నిర్వచించింది. ఎర మోసే డ్రోన్లు ఆ నిర్వచనంలోకి రావని 2022లో ప్రభుత్వం ప్రకటించింది, డ్రోన్ల వ్యాపారులు వేసిన దావాను ప్రిటోరియా హైకోర్టు కొట్టివేసింది. ఇక్కడ అటువంటి నిషేధం లేదు. రాకుండా ఉండాలంటే మనలాంటి సంఘాలు ముందే తమ హద్దులు గీసుకోవాలి.

కొత్త సభ్యుల కోసం తెలుగులో నిబంధనల పత్రం తయారు చేశాం. ఎక్కువ మంది తడబడుతున్న రెండు సంగతులు మాత్రం ఇక్కడ కూడా రాస్తున్నాను. చేప పొడవును ముక్కు కొన నుంచి తోక మధ్యలోని చీలిక వరకే కొలవాలి, తోక చివరి వరకు కాదు. అలా కొలిచినప్పుడు స్నాపర్ ఆక్లండ్ తూర్పు తీరంలో 30 సెంటీమీటర్లకు, పడమటి తీరంలో 27 సెంటీమీటర్లకు తగ్గితే వదిలేయాలి. రోజుకు మనిషికి తూర్పున 7, పడమట 10 మించకూడదు. రెండో సంగతి: సరదాకు పట్టిన చేపను అమ్మకూడదు, వస్తుమార్పిడి కూడా చేయకూడదు. పొరుగింటికి చేప ఇవ్వడం ప్రేమ. ఆవకాయ జాడీకి బదులుగా ఇంత చేప అని బేరం కుదుర్చుకుంటే నేరం.

సముద్రంలో ఎవరైనా ప్రాణం కోల్పోయినప్పుడు స్థానిక మావోరీలు ఆ తీరంలో రాహుయి విధిస్తారు. అది ఎత్తేసేదాకా అక్కడ చేపలు పట్టరు. విశాఖ, కాకినాడ నుంచి వచ్చినవారికి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధం తెలుసు. అది చేప గుడ్ల కోసం, ఇది పోయిన మనిషి పట్ల గౌరవం కోసం. ఈ ఏడాది రాహుయి ఉన్న తీరానికి అనుకున్న ప్రయాణాన్ని మానుకోవడంలో ఒక్క సభ్యుడు కూడా అభ్యంతరం చెప్పలేదు.

చేప తలల సంగతి క్లుప్తంగా. ఇక్కడ చాలామంది కండ కోసుకుని తల, ముల్లు పారేస్తారు. మాంగెరెలోని పాపాతూఆనుకు కోకిరి మరాయె (మావోరీల సామూహిక ప్రాంగణం) కేంద్రంగా 2016 నుంచి నడుస్తున్న కై ఇకా కార్యక్రమం వాటిని సేకరించి, కావాలనుకునే కుటుంబాలకు చేరుస్తోంది. తలకాయ పులుసు విలువ మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. పడవలున్న మన సభ్యులు తమకు మిగిలిన తలలను ఇకపై అక్కడికి ఇవ్వాలని సంక్రాంతి విందులో అనుకున్నాం.

2022 నాటి సంఘాల చట్టం కింద 2026 ఏప్రిల్ 5 లోగా మన సంఘాన్ని తిరిగి నమోదు చేసుకోవాలి. కొత్త నియమావళి ముసాయిదా సిద్ధమైంది. మూడు కొక్కేల హద్దు, గానెట్ కొండకు దూరం, రాళ్ల మీద లైఫ్ జాకెట్ లేకుండా నిలబడినవారికి ఆ సీజనంతా డ్రోను ఇవ్వకపోవడం అనే మూడు అంశాలను అందులో చేర్చాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. రెండో డ్రోను కొనాలన్న విజ్ఞప్తిని మాత్రం కార్యవర్గం సమర్థించడం లేదు. ఆ డబ్బుతో ముందు లైఫ్ జాకెట్లు కొనాలి, ముఖ్యంగా పిల్లల సైజువి. ముసాయిదాకు సవరణలు ఉంటే సర్వసభ్య సమావేశానికి వారం ముందే రాతపూర్వకంగా పంపగలరు.

— కార్యదర్శి