మాక్‌డ్రిల్ ఎవరి కోసం?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో, హార్బర్‌లో మాక్‌డ్రిల్ జరిగిందని, సముద్రంలో రసాయనాలు లీకైనా మనవాళ్లు రెడీ అని ఫొటోతో సహా వేశారు. ఎందుకొచ్చిన గొడవలే అని నాలుగు రోజులు ఊరుకున్నాను. కానీ ఆ పూట నేనూ హార్బర్‌లోనే ఉన్నాను.

నీళ్ల మీద నారింజ రంగు బూమ్, అంటే తేలే కంచె, పరిచారు. ఓడల్ని లాగే టగ్ బోటు రెండు చుట్లు తిరిగింది. తర్వాత టెంటులో ప్రసంగాలు, మజ్జిగ ప్యాకెట్లు. అయ్యా, బూమ్ చమురు తెట్టుకు పనికొస్తుంది. చమురు తేలుతుంది కనుక చుట్టూ కంచె కట్టి తోడెయ్యొచ్చు. యాసిడ్‌కు కంచె ఎలా కడతారు? అమోనియా అయితే గాలి ఎటుంటే అటు ఊళ్ల మీదికే వస్తుంది. కార్బైడ్ సంగతి మామిడికాయలు మగ్గేసేవాళ్లను అడిగినా చెబుతారు, తడి తగిలితే గ్యాస్, దానికి నిప్పు తగిలితే భగ్గు. 2025 మేలో కొచ్చి దగ్గర మునిగిన ఎల్సా-3 ఓడలో 640 కంటైనర్లుంటే, 12 పెట్టెల్లో ఉన్నది ఆ కార్బైడే. ఒడ్డుకు కొట్టుకొచ్చిన పెట్టెలకు 200 మీటర్ల దూరంలో ఉండమన్నారు. బాగుంది. మరి అర్ధరాత్రి వేటలో ఉన్న బోటుకు ఆ పెట్టె తగిలితే?

నేను కెమికల్ ట్యాంకర్లలో పనిచేసి రిటైరయ్యాను. బేసిక్ కోర్సు, అడ్వాన్స్‌డ్ కోర్సు అని మమ్మల్ని పీల్చి పిప్పి చేసేవారు. కంటైనర్ ఓడ కుర్రాళ్లకు ఆ కోర్సులు అక్కర్లేదట, పెట్టెలో ఏముందో కాగితం చూసి తెలుసుకోవాలి. 2021లో కొలంబో దగ్గర తగలబడిన ఎక్స్‌ప్రెస్ పెర్ల్ ఓడలో నైట్రిక్ యాసిడ్ కారుతోందని ముందే తెలుసు. ఆ పెట్టె దించుకోండి బాబూ అంటే ఖతార్‌లో హమద్ పోర్టు కుదరదంది, మన గుజరాత్‌లోని హజీరా పోర్టు కూడా కుదరదంది.

డ్రిల్లులో మా పేట సరంగు (బోటు నడిపేవాడు) ఒకాయన లేచి, ఇలాంటిది ఎదురైతే మేమేం చెయ్యాలని అడిగాడు. కోస్ట్‌గార్డ్ నంబరు 1554కు ఫోన్ చేయమన్నారు వేదిక మీదున్న అధికారి. "ఒడ్డు కనపడకుండా పోయాక సిగ్నలే ఉండదు బాబూ, ఫోనెక్కడ చేత్తాం?" అన్నాడు. అందరూ నవ్వారు. జవాబు మాత్రం రాలేదు.

మన ఊరికి ఇదేం కొత్త కాదు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకై 12 మందిని చంపిన స్టైరీన్ అనే రసాయనం ఓడలో వచ్చిందే. మిగిలిన సరుకును ఓడలోనే కొరియాకు తిప్పి పంపారు. ఆ రాత్రి తలుపులు కొట్టి జనాన్ని లేపినవాళ్లకు మాస్కులున్నాయా? కమిటీలు వేశారు, రిపోర్టులు రాశారు. ఏ బీరువాలో ఉన్నాయో బీరువాకే తెలియాలి.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. 61 రోజులు బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉంటాయి, కళాసీలు (బోటు పనివాళ్లు) వలలు బాగుచేసుకుంటూ అక్కడే ఉంటారు. రెండు పూటలు కూర్చోబెట్టి, పెట్టె మీద ప్రమాదాన్ని చెప్పే డైమండ్ ఆకారపు గుర్తుకు అర్థమేమిటో, గాలి చూసుకుని బోటు ఎటు తిప్పాలో చెప్పడానికి ఎంత బడ్జెట్ కావాలి? టెంటు, మజ్జిగ ఖర్చులో అయిపోయే పని.

ఈసారి డ్రిల్లు వార్త వేసేటప్పుడు, ఎంతమంది కళాసీలకు మాస్కు పెట్టి చూపించారో కూడా మీ విలేకరిని అడిగి రాయమనండి.

– ఒక రిటైర్డ్ నావికుడు, విశాఖపట్నం